గడియారం వీధి అని చెప్పండి, అత్తయ్యా!

"అత్తయ్యా!... అత్తయ్యా!..."

జవాబు లేదు. చిట్టి స్నానాలగది తలుపు తోసి చూసింది. లేరు! బాల్కనీలో కుర్చీ ఖాళీగా ఉంది. మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. వీధి తలుపు మాత్రం జానెడు తెరిచి ఉంది. గుమ్మం పక్కన అత్తగారి చెప్పులు లేవు. చిట్టి చేతిలో టీ గ్లాసుతోనే లిఫ్టు దగ్గరికి పరుగెత్తి, అది వచ్చేదాకా ఆగలేక మూడంతస్తులూ మెట్లమీదే దిగిపోయింది. గేటు దగ్గర కాపలా మనిషి లేచి నిలబడ్డాడు. "పెద్దమ్మగారా? ఎనిమిదిన్నరకే వెళ్ళారండీ. చేతిలో ఏదో సంచీ ఉంది. బజారుకేమో అనుకున్నా" అన్నాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర... అంటే గంటయింది! డెబ్బయ్యారేళ్ళ మనిషి, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని మనిషి, ఒంటరిగా, ఈ ఎండలో ఎక్కడికని వెళ్ళినట్టు!

చిట్టి అంటే చిన్నపిల్ల అనుకునేరు. నలభయ్యెనిమిదేళ్ళ ఇల్లాలు. పుట్టింట్లో ఆఖరిది కాబట్టి ఆ పేరు పడింది, అత్తింట్లోనూ అదే నిలిచిపోయింది. భర్త తాళాల మేస్త్రి. ఎంత మొండికేసిన తాళమైనా ఆయన చెవి దగ్గర పెట్టుకుని నాలుగు మాటలు మాట్లాడితే తెరుచుకుంటుందని చెప్పుకునేవాళ్ళు. పెళ్ళైన నాటినుంచి నలభై రోజుల కిందటిదాకా వాళ్ళ కాపురమంతా జైలు గోడ వీధిలోనే! వీధికి ఒకవైపు ఇళ్ళు, రెండోవైపు ఆ చివరనుంచి ఈ చివరదాకా మూడు నిలువుల ఎత్తు రాతిగోడ. "జైలు పక్కన తాళాల కొట్టా! లోపలివాళ్ళకి మారుతాళాలు చేస్తావేమిటోయ్?" అని కొత్తవాళ్ళెవరైనా ఎకసెక్కమాడితే మేస్త్రి పగలబడి నవ్వేవాడు. చిట్టికి మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఇక అత్తగారు. ఆ వీధిలో ఆవిడని అందరూ 'సంచులమ్మ' అనేవారు. మంగళవారం, శుక్రవారం ములాఖత్ రోజులు. లోపల ఉన్నవాళ్ళని చూడటానికి భార్యలూ తల్లులూ ఎక్కడెక్కడినుంచో వస్తారు. చేతిసంచీలు లోపలికి పట్టుకెళ్ళనివ్వరు. మరి ఎక్కడ పెట్టాలి? వీధి పొడుగునా తలుపులు మూసుకునేవాళ్ళే! అత్తగారు మాత్రం తన గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. పాత గుడ్డపేలిక ఒకటి రెండుగా చింపి, ఒక ముక్క సంచీకి కట్టి, రెండోది ఆ మనిషి చేతిలో పెట్టేది. తిరిగొచ్చాక ముక్కకి ముక్క చూసి ఎవరి సంచీ వాళ్ళకిచ్చేది. ఊరికేనే! ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇచ్చేది. లోపలివాడు ఏం చేసి వెళ్ళాడని మాత్రం ఏ ఒక్కరినీ అడగలేదు.

చిట్టికి అదేమీ తప్పుగా తోచేది కాదు. తనూ ఎన్నోసార్లు బిందెతో నీళ్ళు తెచ్చి పోసింది. మరి ఎప్పుడు పట్టుకుంది ఈ సిగ్గు? వాళ్ళ అక్కయ్య కొత్త ఫ్లాటులో చేరిన రోజున! హాలునిండా మంచి మంచి చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ ఎంతో ఆప్యాయంగా "మీరెక్కడుంటారమ్మా?" అని అడిగింది. చిట్టి మామూలుగానే "జైలు దగ్గరండీ" అంది. ఆవిడ చెయ్యి గుండెలమీద వేసుకుని "అయ్యయ్యో! ఎవరున్నారమ్మా లోపల?" అనేసింది. ఒక్కసారిగా హాలంతా గొల్లున నవ్వింది! పాపం, ఆవిడ నిజంగానే జాలిపడి అడిగింది. కానీ చిట్టికి తల కొట్టేసినట్టయింది. అందరూ వెళ్ళాక అక్కయ్య వంటింట్లోకి లాక్కెళ్ళింది. "చూశావటే! నా పరువు తీశావు! చెల్లెలి ఇల్లెక్కడా అంటే చెప్పుకోవడానికి నాకు ముఖం చెల్లడంలేదు. ఎన్నాళ్ళే ఆ గోడ పక్కన కాపురం? మా కాలనీలోనే మూడో అంతస్తులో వాటా ఖాళీగా ఉంది. మరిదిగారికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

ఆ రాత్రినుంచీ చిట్టికి ఆ వీధి వేరేగా కనబడటం మొదలైంది. గోడ నల్లగా కనబడింది. గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్ళు అప్రాచ్యులుగా కనబడ్డారు. ఏళ్ళ తరబడి కాపురం చేసిన ఇల్లు, ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ అన్న ఒక్క మాటతో ఇరుకైపోయింది! నవ్వుకుంటున్నారా? మనం మాత్రం అలా చెయ్యలేదూ? పక్కింటావిడ ఒక్క మాటంటే, కొన్నాళ్ళుగా మురిసిపోయి కట్టుకుంటున్న చీర పెట్టె అడుక్కి పోలేదూ!

మూడు నెలలు సాధించి, అలిగి, తిండి మానేసి, చివరికి మేస్త్రిని ఒప్పించింది. అత్తగారు మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. "మీరెక్కడికి పదమంటే అక్కడికి" అంది. అంతవరకూ బాగానే ఉంది... కొత్తచోట చేరిన మర్నాడే లిఫ్టులో కింది ఫ్లాటు టీచరుగారు "ఇదివరకు ఎక్కడుండేవారు?" అని అడిగింది. చిట్టి నోటికి ఏది వస్తే అది అనేసింది, "గడియారం వీధిలోనండీ." ఊరి నడుమ గడియారం స్తంభం ఉన్న పెద్ద బజారు అది. అటువైపు చుట్టాలు కూడా లేరు వీళ్ళకి! ఆ పూటే అత్తగారిని కూర్చోబెట్టుకుంది.

"ఎవరడిగినా గడియారం వీధి అని చెప్పండి, అత్తయ్యా. మరిచిపోతారేమో... ఏదీ, మీ ఇల్లెక్కడండీ?"

"జైలు గోడ..."

"ఉహూఁ! కాదు! గడియారం వీధి."

"పోనీలేవే, నాదేం పోయింది. గడియారం వీధి."

రోజూ పొద్దున టీ ఇస్తూ ఒకసారి, సాయంత్రం జడ వేస్తూ ఒకసారి, చిన్నపిల్లకి ఎక్కం నేర్పినట్టు నేర్పింది. ఆవిడ తడబడితే చెయ్యి నొక్కేది. నెల తిరిగేసరికి అడగడం ఆలస్యం, గడియారం వీధి అనేయడం అలవాటైపోయింది ఆవిడకి. ఈ సంగతి మేస్త్రికి తెలియదు. పొద్దున కాలనీ అవతల అద్దెకి తీసుకున్న కొత్త కొట్టుకెళ్ళి ఆకురాయి పట్టుకుంటే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం!

ఇప్పుడు ఫోను అందుకుని పరుగెత్తుకొచ్చాడు మేస్త్రి. "ఇంకెక్కడికి వెళ్తుంది? పాతింటికే! నేను చెబుతూనే ఉన్నాను, అమ్మకి ఇక్కడ బెంగగా ఉందని" అంటూ అటునుంచటే వెళ్ళాడు. పదిన్నరకి ఫోను చేశాడు. పాతిల్లు తాళం వేసినట్టే ఉంది. ఆవిడ రాలేదు, వీధిలో ఎవరూ చూడలేదు. "పెద్దదాన్ని తీసుకెళ్ళి మేడల్లో పడేస్తే మతి చెడదూ?" అని పాత ఇరుగుపొరుగు తలో మాటా అంటున్నారట. చిట్టికి ఏడుపు తన్నుకొచ్చింది.

ఈలోగా కాలనీలో తెలిసిపోయింది. పాపం, మంచివాళ్ళే! నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి చిట్టి చుట్టూ కూర్చున్నారు. అక్కయ్య కూడా పక్క బ్లాకునుంచి వచ్చింది. టీచరుగారు నీళ్ళు తాగించి, "ఏడవకండి. పెద్దవాళ్ళు పాతచోటికే వెళ్తారు. మీది గడియారం వీధే కదా! మా తమ్ముడి బట్టల కొట్టు అక్కడే, స్తంభం ఎదురుగానే. మీ ఇల్లు ఏ వరసలో ఉండేదో చెప్పండి, ఇప్పుడే ఫోను చేసి చూడమంటాను" అంది.

ఇల్లు ఏ వరసలో ఉందని చెబుతుంది చిట్టి? తమ్ముడు వెళ్ళి నలుగురినీ అడుగుతాడు. తాళాల మేస్త్రా, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెప్పుడూ లేరే అంటారు... ఇంతమంది ముందు... అక్కయ్య వైపు చూసింది. అక్కయ్య కళ్ళతోనే 'వద్దు' అంది.

"వద్దండీ!... అక్కడ చూసేశారు. లేరట" అంది చిట్టి.

"మీవారు వెళ్ళారా?"

"ఆఁ... చూశారు. అక్కడికి వెళ్ళలేదు."

టీచరుగారు పైకి తీసిన ఫోను మళ్ళీ సంచీలో పెట్టేసింది. ఆ మాట అన్నప్పుడు గోడ గడియారంలో పదకొండైంది.

పన్నెండైంది. ఒంటిగంటయింది. ఆడవాళ్ళు చిట్టిని వదిలి కదల్లేదు. మేస్త్రి ఆసుపత్రులు తిరిగాడు, బస్టాండు చూశాడు, పోలీసులకి చెప్పాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. రెండున్నరకి వచ్చి చొక్కా తడిసిపోయి, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి కుర్చీలో కూలబడ్డాడు. చిట్టి ఎన్నడూ చూడలేదు ఆయన కళ్ళలో నీళ్ళు. తండ్రి పోయినప్పుడు కూడా చూడలేదు!

"ఎలాగే చిట్టీ... దారి తప్పిందే అనుకో. ఎవరో ఒకరు ఇల్లెక్కడమ్మా అని అడుగుతారుగా! అన్నీ మరిచిపోయినా ఇల్లు మరిచిపోతుందా? అడిగితే మా అమ్మ ఏం చెబుతుంది చెప్పు! జైలు గోడ అంటే చాలు, ఊళ్ళో పసివాడైనా చూపిస్తాడు కదే..."

అడిగితే మా అమ్మ ఏం చెబుతుంది!

పొద్దునా సాయంత్రమూ తను పలికించిన మాట చిట్టి చెవుల్లో గింగురుమంది. అయ్యో... అయ్యో, ఎంత పని చేశాను! బస్సెక్కితే కండక్టరు ఎక్కడికమ్మా అని అడిగి ఉంటాడు. అడగడం ఆలస్యం, ఆ పిచ్చితల్లి ఏమని ఉంటుంది!

"టీచరుగారూ!" చిట్టి అరిచినంత పని చేసింది. "మీ తమ్ముడికి ఫోను చెయ్యండి! గడియారం వీధిలోనే ఉన్నారు మా అత్తయ్య!"

"అదేమిటి! మీరే కదా చూశారన్నారు?"

"చూడలేదు! అబద్ధం చెప్పాను! మేమెప్పుడూ అక్కడ లేమండీ... మాది జైలు గోడ వీధి. జైలు ఎదురిల్లు. మీతో చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ చేత కూడా అబద్ధం చెప్పించాను. నేనే నేర్పాను... నేనే! పదకొండింటికే మీరు ఫోను చేస్తానన్నారు... నా పరువుకోసం నేనే ఆపేశాను!"

అక్కయ్య తల దించుకుంది. మేస్త్రి భార్య వైపు చూశాడు. ఒక్క మాట అన్నా, కొట్టినా బాగుండేది! ఊరికే చూశాడు. టీచరుగారు అప్పటికే ఫోనులో మాట్లాడుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఉన్నారట! పొద్దున తొమ్మిదింటినుంచీ ఆ వీధిలోనే తిరుగుతున్నారట. ఈ చివరనుంచి ఆ చివరికి... కొట్టు కొట్టు దగ్గరా ఆగి 'గోడ ఏది నాయనా, గోడెక్కడికి పోయింది' అని అడిగారట. ఇల్లెక్కడమ్మా అంటే గడియారం వీధి అన్నారట. ఇదేగా గడియారం వీధి అంటే మళ్ళీ గోడేది అని... మతిలేనిదని కొందరు నవ్వారట కూడా. ఒంటిగంటప్పుడు ఎండకి కళ్ళు తిరిగి మెట్లమీంచి పడ్డారట. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు."

ఆ ఎండలో నాలుగు గంటలు! పదకొండింటికి ఆ ఒక్క ఫోను చెయ్యనిచ్చి ఉంటే, ఆవిడ పడి ఉండేదే కాదు. చిట్టి ఆ లెక్క తనకి తనే వేసుకుని, గోడకి తల కొట్టుకుంది. టీచరుగారే పట్టుకుని ఆపింది.

తుంటి ఎముక విరిగింది. ఎండదెబ్బ వేరే. రెండు రోజులు ఆవిడ కళ్ళు సరిగా తెరవలేదు. వైద్యుడు పక్కకి పిలిచి ఒక సంగతి చెప్పాడు. "పడేటప్పుడు ఎవరైనా చెయ్యి ఆనిస్తారు. ఈవిడ రెండు చేతులూ సంచీ చుట్టూ బిగించుకుని అలాగే పక్కకి పడ్డారు. చెయ్యి ఆనించి ఉంటే తుంటి విరిగేది కాదేమో. ఏముందండీ అందులో, అంత విలువైనది?"

మంచం కింద ఉన్న ఆ సంచీని చిట్టి తెరిచి చూసింది. గుడ్డసంచీ. మెడకి నీలంరంగు పేలిక కట్టి ఉంది. లోపల ఒక కళ్ళజోడు పెట్టె, పెట్టెలో కొత్త కళ్ళజోడు. అంతే! చిట్టికి చప్పున గుర్తొచ్చింది. ఇల్లు మారే ముందు ఆఖరి ములాఖత్ రోజున ఒక చిన్నది వచ్చింది. లోపలున్న భర్తకి చూపు ఆనదని అద్దాలు చేయించి తెచ్చింది. కాగితం కావాలి, వచ్చేవారం రమ్మన్నారట గేటు దగ్గర. దూరాభారం బస్సులో పగిలిపోతాయని సంచులమ్మ దగ్గరే పెట్టి వెళ్ళింది. వచ్చేవారానికి అక్కడ వీళ్ళ ఇల్లే లేదు! సామానుతోపాటు సంచీ మేడెక్కింది. "చిట్టీ, ఆ పిల్ల సంచీ ఇచ్చి రావే. వాడికి కళ్ళు కనబడవే" అని అత్తగారు వారం వారం అడుగుతూనే ఉంది. ఆ వీధిలో అడుగుపెట్టడానికి మనసొప్పక "చూద్దాంలెండి, అత్తయ్యా" అంటూ దాటేసింది చిట్టి. అడిగి అడిగి, విసిగి, ఆ మంగళవారం ఆవిడే బయల్దేరింది... అదీ జరిగింది! అందరూ బెంగ అన్నారు. మతి చెడిందన్నారు. చిట్టి పెదవి కొరుక్కుని చాలాసేపు ఏడ్చింది.

శుక్రవారం పొద్దున సంచీ పట్టుకుని జైలు గోడ వీధికి వెళ్ళింది. తాళం వేసిన పాతింటి మెట్టుమీద ఆ చిన్నది కూర్చునే ఉంది! ప్రతి ములాఖత్ రోజూ ఏదో ఒక వేళకి వచ్చి అలా కాసేపు కూర్చుని వెళ్తోందట. చిట్టిని చూడగానే లేచి, మాట్లాడకుండా కొంగు ముడి విప్పి నీలంరంగు ముక్క చూపించింది. చిట్టి సంచీ ఇచ్చింది. ఆ పిల్ల కాగితం, అద్దాలు పట్టుకుని జైల్లోకి వెళ్ళి అరగంటకి తిరిగొచ్చింది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. "ఇన్నాళ్ళూ ఇనుప జాలీ అవతలినుంచి నా గొంతే విన్నాడండీ. ఇవాళ అద్దాలు పెట్టుకుని, 'అదేమిటే, ఇంత చిక్కిపోయావు!' అన్నాడు. పెద్దమ్మగారు ఏరండీ? ఒక్కసారి దణ్ణం పెట్టుకుని వెళ్తాను" అంది.

చిట్టి అక్కడే మెట్టుమీద కూర్చుండిపోయింది. అంతలో ఎదురు పంపు దగ్గరనుంచి పాలావిడ గుర్తుపట్టింది. "ఓసి చిట్టీ! ఎన్నాళ్ళకే! అత్తకెలా ఉందే? తిన్నావా?" తలుపు తలుపూ తెరుచుకుంది. మిషను కుట్టే ముసలాయన సూది చేత్తో పట్టుకునే వచ్చాడు. తిట్టేవాళ్ళు తిట్టారు, "మేడలు దొరికేసరికి మేమెందుకు కనబడతాంలే!" అని. ఆ తిట్లు వింటూ ఉంటే చిట్టికి ఛాతీమీంచి బండ దించినట్టయింది! నలభై రోజులనుంచీ కాలనీలో ఇరుగుపొరుగు ఎవరూ తనని పేరు పెట్టి పిలవలేదు. ఫ్లాటు నంబరుతో 'మూడువందల నాలుగుగారు' అంటారు. మంచివాళ్ళే, కానీ మూడువందల నాలుగు!

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి అత్తగారు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మేస్త్రి గంజి తాగిస్తున్నాడు. చిట్టి ఆవిడ పాదాలు పట్టుకుంది.

"ఇచ్చొచ్చాను, అత్తయ్యా. ఆ అబ్బాయి పెళ్ళాన్ని చూశాడట. ఏమన్నాడో తెలుసా, చిక్కిపోయావేమిటే అన్నాడట!"

"హమ్మయ్య!" అని ఆవిడ కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "పగల్లేదు కదా?" అంది.

"మీరు పగిలారు, అత్తయ్యా..." చిట్టి బావురుమంది. "నన్ను క్షమించండి. నావల్లే, అంతా నావల్లే! మీకు కాలు బాగుపడగానే పాతింటికే తీసుకెళ్ళిపోతాను. అందరూ చెబుతూనే ఉన్నారు, అక్కడికోసం మీరు బెంగపెట్టుకున్నారని..."

"ఎవరూ? ఎవరు చెప్పారే?"

చిట్టి మొహం ఎత్తింది. మేస్త్రి చెంచా గాలిలోనే ఆగిపోయింది.

"నేను చెప్పానా? వీడు చెప్పాడా? ఆ పాలావిడ చెప్పిందా? నా మనసులో ఏముందో ఊరందరికీ తెలుసు, నన్నొక్కదాన్ని అడగరు! ఆ సంచీ ఇచ్చి, సాయంత్రానికి వచ్చేద్దామని వెళ్ళానే నేను. ఏళ్ళకేళ్ళు ఆ గోడ నీడలో తడిబట్ట ఆరక చచ్చాను. కీళ్ళనొప్పులు అక్కడే పట్టుకున్నాయి. ఆ బాల్కనీలో పొద్దున్నే ఎండ వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. పుట్టి బుద్ధెరిగాక అంత ఎండ నేనెప్పుడు చూశాను? నాకు మేడే బాగుంది."

మేస్త్రి తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు.

"సరే. నా సంగతి తెలిసిందిగా," అత్తగారు ఆయాసం తీర్చుకుని అంది. "నీ సంగతి చెప్పు. నీకెక్కడుండాలనుంది?"

"నాకేముంది, అత్తయ్యా! మీరెక్కడుంటే అక్కడే."

"అది నలుగురూ మెచ్చుకునే మాట. నీ మాట అడుగుతున్నాను."

చిట్టి నోరు తెరిచింది. మొదట అక్కయ్య మాట వచ్చింది నాలిక చివరికి. దాన్ని మింగింది. తరవాత ఆ హాల్లో నవ్విన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. పెద్దదాన్ని మేడెక్కించి చంపేస్తోంది కోడలు అంటున్న పాత వీధివాళ్ళు గుర్తొచ్చారు. ఇన్నేళ్ళ బతుకులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనని తనూ అడుక్కోలేదు! వెళ్ళమన్నప్పుడు వెళ్ళడం, ఇరుకన్నప్పుడు ఇరుకనుకోవడం... చివరికి, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు, పూర్తిగా వినబడకుండా అంది.

"నాకు... ఆ వీధే ఇష్టం, అత్తయ్యా. ఇవాళే తెలిసింది. అక్కడ నన్ను తిడతారు... పిలుస్తారు. కానీ మీకు మేడ కావాలన్నారుగా. వద్దులెండి. ఏదో నోరుజారింది. నేను సర్దుకుంటాను!"

"నోరుమూసుకో!" అంది అత్తగారు. చేత్తో ఆమె తల దగ్గరికి లాక్కుంది. "కాపురానికి వచ్చి ఇన్నేళ్ళైంది. నాకిది కావాలని ఒక్కటంటే ఒక్కటి అడిగావటే? మొదటిసారి అడిగావు. నేను కాదంటానా?"

పాతిల్లు ఇంకా ఖాళీగానే ఉంది. జైలు గోడ పక్కన ఇల్లు అంత తొందరగా ఎవరు తీసుకుంటారు! వెళ్ళేరోజు అక్కయ్య గేటు దగ్గర చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ అక్కడికేనా? జనం ఏమంటారే, చిట్టీ!" ఆ గొంతులో ఎప్పటి దర్పం లేదు, భయం ఉంది. అక్కయ్య కూడా ఇన్నాళ్ళూ ఎవరికి భయపడి ఏ ఇంట్లో ఉంటోందో అనిపించి, చిట్టికి మొదటిసారి ఆమె మీద జాలేసింది. "అనుకోనీ అక్కా. నువ్వు మాత్రం రా. భోజనానికి రా" అంది. టీచరుగారు వ్యాను దాకా వచ్చింది. దిండ్ల మూట తనే మోసుకొచ్చి పెట్టి, చిరునామా కాగితంమీద రాయించుకుంది.

ఆ ఇంట్లో ఎండ వచ్చే చోటు ఒక్కటే. ముందుగదిలో కిటికీ కింద, పదకొండునుంచి పన్నెండుదాకా. గోడ దాటి సూర్యుడు పైకి రావాలి కదా మరి! పెళ్ళైన నాటినుంచీ మేస్త్రి పనిబల్ల ఉండేది అక్కడే. వెలుతురు లేకపోతే తాళంచెవి పళ్ళు ఆకురాయికి అందవు. ఆ మేస్త్రి ఒక్క మాట కూడా అనకుండా బల్లని వెనక గదిలోకి ఈడ్చుకుపోయి, పట్టపగలు దీపం పెట్టుకుని పని మొదలుపెట్టాడు. చిట్టి అత్తగారి మంచాన్ని కిటికీ కిందికి జరిపింది. పదకొండింటికి గోడమీంచి ఎండ దిగి, దుప్పటిమీద జానెడు వెడల్పున పడింది. ఆవిడ విరిగి అతికిన కాలు మెల్లగా అందులోకి జరుపుకుంది.

"ఎలా ఉంది, అత్తయ్యా?" అంది చిట్టి.

"బాగుందే. మేడమీద ఎండకంటే ఇదే నయం. అక్కడిది మరీ చుర్రుమనేది" అంది ఆవిడ.

అది అబద్ధమని చిట్టికి తెలుసు. తనకి తెలుసన్న సంగతి ఆవిడకీ తెలుసు. చిట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుని, నూనెగిన్నె తెచ్చుకుని, ఎండ ఉన్నంతసేపూ ఆ కాలికి నూనె రాస్తూ కూర్చుంది.